పక్క కుర్చీ

ఐదో నంబరు కుర్చీ దగ్గర సైరన్ మోగింది.

ఉద్దానంలో ఒక చిన్న ఊరి డయాలసిస్ సెంటర్ అది. సంవత్సరం 2046. ‘గీత’ అనే కొత్త మిషన్ అక్కడ పెట్టి ఆరు నెలలైంది. తయారుచేసినవాడు డాక్టర్ ప్రభంజన్. దాని సంగతి నాలుగు ముక్కల్లో చెప్తాను, కంగారుపడకండి. గుండె కండరం దెబ్బతింటే ట్రోపోనిన్ అనే పదార్థం రక్తంలోకి వస్తుంది. మామూలు మనుషుల్లో అది పద్నాలుగు దాటితే డాక్టర్లు పరుగులు పెడతారు. కిడ్నీలు పాడైనవాళ్ళలో మాత్రం గుండెపోటు లేకపోయినా చాలామందికి ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది. అందుకే ఒక్క అంకె చూసి ఏమీ తేల్చలేం. ఆ మనిషికి రోజూ ఎంత ఉంటుంది, ఇవాళ ఎంత పెరిగింది? అదీ చూడాలి. గీత ఒక్కో కుర్చీకి పాత అంకెలు గుర్తుపెట్టుకుని, ఇవాళ్టి రక్తపు చుక్కతో పోల్చి చెప్తుంది.

నాలుగో కుర్చీ లోలాక్షమ్మకి ఎప్పుడూ తొంభై. గీత రాకముందు ఆ తొంభై చూసి ఆవిణ్ణి మూడుసార్లు అంబులెన్స్‌లో విశాఖ పంపారు. మూడుసార్లూ గుండె బాగానే ఉందని వెనక్కి పంపేశారు. ఆవిడకి గీత అంటే ప్రాణం.

"ముప్పై ఉండాల్సింది తొంభై ఒకటి! స్ట్రెచర్ తెండి!" ప్రభంజన్ పరుగెత్తుకొచ్చాడు.

ఐదో కుర్చీలో ఉన్నది లోలాక్షమ్మ. "ఓలమ్మో, నాకేటవలేదు బాబూ! నా అంకె తొంభయ్యే కదా!"

"మిషన్ పొరపాటు పడదమ్మా."

"పడదేటి? ఇది నా కుర్చీ కాదు. ఢిల్లేశన్నయ్యకి ఇక్కడ ఏసీ గాలికి వణుకొస్తందంటే నాది ఇచ్చీసినాను."

ప్రభంజన్ మొహం పాలిపోయింది. నాలుగో కుర్చీ వైపు తిరిగాడు. తెర మీద ‘94, మామూలే’ అని పచ్చ దీపం వెలుగుతోంది. దాని కింద జీడిపప్పు కార్ఖానాలో పనిచేసే ఢిల్లేశ్వరరావు, మెడదాకా దుప్పటి కప్పుకుని చెమటలు కక్కుతున్నాడు.

"ఛాతీలో నొప్పి ఉందా?"

"పొద్దుటినుంచీ పట్టీసినట్టుంది బాబూ. మిషన్ మామూలే అంది కదా, మళ్ళీ నానేటి చెప్పగలను?"

ఆయన మామూలు అంకె ముప్పై. స్ట్రెచర్ అటు తిరిగింది. లోలాక్షమ్మ గొల్లుమంది. "చలేస్తందని జాలిపడి అన్నయ్య ప్రాణం మీదికి తెచ్చీసినాను!"

అదృష్టం బాగుంది, ఆయన బతికాడు. స్టెంట్ వేశారు.

ప్రభంజన్ గీతని మార్చాడు. ఇప్పుడది కుర్చీని కాదు, వేలిముద్రని చూస్తుంది. దాంతోపాటు ఒక ప్రశ్న చేర్చాడు: ‘ఈరోజు ఒంట్లో ఎలా ఉంది?’ ఇదివరకు నర్సులు అడిగేదే. గీత వచ్చాక అందరూ మానేశారు.

వారం రోజుల జవాబులు చూసి తల పట్టుకున్నాడు. ఇరవై మందీ "బాగానే ఉంది" అన్నారు. దారిలో ఆటోలో వాంతులు చేసుకున్నాయన కూడా! మనవాళ్ళంతే, కాలికి కట్టు కట్టుకుని కూడా అదే మాట అంటారు.

లోలాక్షమ్మ నవ్వింది. "మమ్మల్నడిగితే ఏటి చెప్తాం బాబూ? పక్కోళ్ళనడగండి."

ఇప్పుడు గీత అదే అడుగుతోంది: ‘మీ పక్క కుర్చీవారు ఎలా ఉన్నారు?’ జవాబులు ఆగడం లేదు.

"ఉప్పు తినొద్దన్నా నిన్న ఎండుచేప తిన్నాడు," లోలాక్షమ్మ మిషన్‌కి చెప్తోంది. "మెట్లమీద రెండుసార్లు ఆగీసినాడు. అడిగితే లేదంటాడు, రాసుకో."

"నాను బాగానే ఉన్నాను!" ఢిల్లేశ్వరరావు కసురుకున్నాడు.

గీత ఆయన మాట పట్టించుకోలేదు. ఇంకో చుక్క రక్తం అడిగింది.