సూదికి ఆగని కార్డు

పందొమ్మిది వందల అరవై మూడో సంవత్సరం. దేవరకొండలో ఎండాకాలం మిట్టమధ్యాహ్నం. వడగాలికి తలుపులు, కిటికీలు బిగించుకుని, ఆ చీకటి ఆఫీసులో దశరథ ఒక్కడే కార్డులు ముందేసుకుని కూర్చున్నాడు. నీళ్ళ వల్ల ఎముకలు వంకరపోయే రోగం మీద సర్వే అది. డాక్టర్లు ఊళ్ళు తిరిగి రాసుకొస్తే లెక్కలు తీసే పని ఇతనిది. మనిషికొక అట్టకార్డు, దాని అంచుల వెంట కంతలు. వంగిన నడుముకొకటి, చావుకొకటి, అట్లా ఒక్కో సంగతికి ఒక్కో కంత. సంగతి నిజమైతే ఆ కంతను అంచుదాకా కత్తిరించాలి. కట్టంతా కలిపి అదే కంతలోంచి పొడుగాటి సూది గుచ్చి పైకెత్తితే, కత్తిరించినవి జారిపడతాయి, మిగిలినవి సూదికే వేలాడతాయి.

పని ఎంత చక్కనిదో, చేసేవాడు అంత దొంగ! ఎవరు బతికున్నారో మళ్ళీ పోయి చూసి రమ్మంటే, ఇంట్లో దొరకనివాళ్ళందరికీ చావు కంత కత్తిరించి పారేశాడు. గొర్లు కాసే సైదమ్మ మాత్రం దొరికింది. నెత్తురు తియ్యడానికొచ్చాడనుకుని కట్టె పట్టుకుని తరిమింది. "నీ సంగతి చెప్త ముసల్దానా" అని పళ్ళు కొరుక్కుంటూ వచ్చి ఆమె కార్డుకూ చావు కంత దగ్గర కత్తెర పెట్టాడు.

అది జరిగి పదిహేను రోజులు. ఇవాళ లెక్క తియ్యడానికి చావు కంతలో సూది గుచ్చి ఎత్తాడు. కార్డులు జారాయి. ఎక్కడిదో గొర్రెల వాసన... తడిసిన ఉన్ని, పెంటికలు. తలెత్తితే బల్లకు అవతల సైదమ్మ. తలుపు గడియ వేసింది వేసినట్టే ఉంది.

"ఏం జేసినవ్‌రా నన్ను?" గుసగుసగా అడిగింది. "కొడుకు కండ్లముందట నిలవడ్డా సూస్తలేడు. చెవుల మొత్తుకున్నా ఇంటలేడు. బతికుండంగనే నా దినాలు జేసిండు."

"అవ్వా... తప్పయింది."

"కలుపు."

కిందపడ్డ వాటిలోంచి ఆమె కార్డు వెతికి తీశాడు. తెగిన కంత మీద కాగితం ముక్క, జిగురు. ఆరేదాకా ఆమె రెప్ప వెయ్యలేదు. సూది గుచ్చాడు... ఎత్తాడు... కార్డు ఆగింది. అమ్మయ్య!

సైదమ్మ పోయి గడియ తీసింది. వాకిట్లో కుండలో నీళ్ళు పోస్తున్న బంట్రోతు చెన్నయ్య ఇటు తిరిగాడు.

"ఎవలు గావాలె అవ్వా?"

దశరథకు పోయిన ప్రాణం లేచొచ్చింది. "చెన్నయ్యా, అవ్వకు జర నీళ్ళియ్యి."

చెన్నయ్య లోపలికి తొంగి చూశాడు. ఆ చూపు దశరథ మీదుగా గోడకు పోయింది. "సారు ఎటువోయిండు?"

"ఈడనే ఉన్న! చెన్నయ్యా!"

సైదమ్మ దశరథను సూటిగా, కసిగా చూసింది. "ఎవలు లేరు బిడ్డా. నేనచ్చినప్పటి సంది ఖాళీగనే ఉన్నది."

చెన్నయ్య తలుపు దగ్గరేశాడు. బయట తాళం పడింది. దశరథ తలుపు బాదాడు. అరిచాడు. వాకిట్లో చెన్నయ్య మళ్ళీ కుండలో నీళ్ళు పోస్తున్న చప్పుడు. బల్ల మీదపడి కార్డులన్నీ చిందరవందర చేశాడు. తనది దొరికితే అతికించుకోవచ్చు కదా! దొరకలేదు... సర్వే చేసేవాళ్ళకు కార్డు ఎవరు రాస్తారు?

వెనకాల ఎవరో దగ్గారు.

ఇంకెవరో...

అతను తిరిగి చూడలేదు. మెడ దగ్గర ఒక ఆడగొంతు మెల్లగా అంది.

"జర అటు జరుగు సారూ. నువ్వు కత్తిరిచ్చిన మాకే జాగ సాలుతలేదు."