కుట్టేసిన చివరి అధ్యాయం

"ఈ కుట్టు విప్పిందెవరు?"

పుస్తకాన్ని బల్ల మీద పెట్టి సూటిగా అడిగింది ఖదీజా.

ఎదురుగా ఉన్న యువకుడు వానలో తడిసి వచ్చాడు. జుట్టులోంచి కారే నీళ్ళు పుస్తకాల మీద పడకుండా ఒకడుగు వెనక్కి వేశాడు. ఆ ఒక్క పనికి మాత్రం ఖదీజా మనసులో అతనికి మార్కులు పడ్డాయి.

"నేనేనండి. బ్లేడుతో మెల్లగా విప్పాను. పేజీలేం చిరగలేదు, చూసుకోండి."

"విప్పడానికి కుట్టలేదండి నేను."

"మరి చదవడానికే కదండీ అద్దెకిచ్చారు?"

"చదవాల్సినంత మేరే చదవాలి. మొదటి పేజీలో రాశానుగా, 'పాఠకులకు మనవి. చివరి అధ్యాయం చదవకండి, మనసు పాడవుతుంది' అని. కనపడలేదా?"

"కనపడింది. చదవొద్దంటే చదవకుండా ఊరుకునే మనిషి మీ బందర్లో ఎవరన్నా ఉన్నారా?"

"మా బందరా? అయితే మీదే ఊరు?"

"అవనిగడ్డండి. పేరు బాజి. రేడియోలు బాగుచేస్తాను. గురువారం గురువారం సామాను కోసం ఇక్కడికొస్తాను."

అతను పుస్తకం తీసుకెళ్ళిన రోజు కొట్లో ఖదీజా తండ్రి కాలేషా ఉన్నాడు. లేకపోతే ఈ మనిషి గుర్తుండకుండా పోడని ఆమెకి అనిపించింది. అలా అనిపించినందుకు తనమీద తనకే కోపం వచ్చింది.

అది పందొమ్మిది వందల డెబ్భై తొమ్మిది, శ్రావణ మాసం. ఆ ఏడాది మొదటి ఆరు నెలలూ ఆదివారం సాయంత్రమైతే బందరు వీధుల్లో మనుషులు పలచబడేవారు. రేడియోలో 'అరుణ నౌక' నాటకం వచ్చేది. అభిజిత్ అనే కుర్రవాడు ఆకాశనౌకలో శనిగ్రహం దాటి వెళ్తాడు. భూమ్మీద కేంద్రంలో సుధ అనే అమ్మాయి చెవులకి ఫోన్లు తగిలించుకుని, "అరుణా, వినిపిస్తోందా?" అని పిలుస్తూ ఉంటుంది. ఇరవయ్యో వారంలో నౌక జాడ తెలియకుండా పోయింది. ఆఖరి వారం సుధ పిలిచింది. గరగర. మళ్ళీ పిలిచింది. గరగర. ఆ గరగరలోంచి సన్నగా మూడు చప్పుళ్ళు. అంతటితో నాటకం అయిపోయింది.

బ్రతికే ఉన్నాడు, వస్తాడు అని జనం సంబరపడ్డారు.

నెల తిరక్కుండా, నాటకం రాసిన వెంకటసుబ్రహ్మణ్యం గారే దాన్ని నవలగా రాసి అచ్చువేయించారు. అందులో మూడు చప్పుళ్ళు లేవు. నౌక కాలిపోయింది, అభిజిత్ ఇక రాడు అని చివరి అధ్యాయంలో తేల్చి రాసేశారు.

జనం మండిపడ్డారు. కాలేషా అద్దె పుస్తకాల కొట్టు అందుకు కచేరీ అయింది.

ఇంటర్ చదివే సత్యవేణి ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్ళతో పుస్తకం తిరిగిచ్చింది. "రెండ్రోజులు అన్నం తినలేదక్కా. ఆయనకి రక్తంతో ఉత్తరం రాద్దామనుకున్నా. మా అమ్మ ఎర్రసిరా ఇచ్చి దీంతో రాసుకోమంది."

రిటైరైన లెక్కల మాస్టారు శేషగిరి గారి బాధ వేరు. "శనిగ్రహం అవతలనుంచి కబురు రావాలంటే గంటా ఇరవై నిమిషాలు పడుతుందమ్మా. ఈ పిల్ల అడగ్గానే వాడు జవాబు చెప్పేస్తాడు! వాడు పోయాడని కాదు నా ఏడుపు, లెక్క తప్పిందని."

ఖదీజా ఊరుకోలేదు. కొట్లో ఉన్న ప్రతిలో చివరి పదహారు పేజీలూ నల్లదారంతో కుట్టేసింది. ఒక తెల్లకాగితం మీద రచయితకి విన్నపం రాసింది. రెండో ముద్రణలోనైనా ముగింపు మార్చాలి, ఆ మూడు చప్పుళ్ళూ తిరిగి రావాలి. వచ్చిన వాళ్ళందరి చేతా సంతకాలు పెట్టించింది. శేషగిరి గారు సంతకం కింద లెక్క కూడా వేసిచ్చారు.

పెట్టనిది బాజి ఒక్కడే.

"ఇవాళైనా పెడతారా?" మరుసటి గురువారం అడిగింది.

"పెన్ను లేదండి."

పెన్ను ఇచ్చింది.

"కళ్ళజోడు తేలేదండి."

"మీకు అసలు కళ్ళజోడే లేదుగా!"

"అందుకేనండి, అక్షరాలు కనపడట్లేదు."

"మరి ఎదురుగా ఏం కనపడుతోంది?"

బాజి తలెత్తి ఆమెని చూశాడు. వెంటనే చూపు తిప్పేసుకున్నాడు. "అది చెబితే మీ నాన్నగారు నన్ను కొట్లోకి రానివ్వరండి."

లోపల పుస్తకాలకి అట్టలు వేస్తున్న కాలేషా దగ్గాడు. ఖదీజా గబగబా రిజిస్టరు తెరిచి, రాయాల్సిన పేజీ కాకుండా వేరే పేజీలో రాసింది.

ఆ తర్వాత గురువారాలకి ఒక తీరు ఏర్పడింది. ఉదయం పదకొండింటికి అవనిగడ్డ బస్సు. పదకొండున్నరకి చేతిలో కండెన్సర్ల పొట్లంతో బాజి. వాన ఉంటే కొంచెం ఎక్కువసేపు. వాన లేకపోతే, "మబ్బు పట్టినట్టుందండి" అంటూ ఇంకొంచెం ఎక్కువసేపు. మాట్లాడుకునేదంతా సుధ గురించీ అభిజిత్ గురించే. పోట్లాటే. కానీ బుధవారం రాత్రి జడకి నూనె రాసుకుంటూ ఖదీజా మర్నాటి పోట్లాటకి మాటలు సిద్ధం చేసుకునేది.

సెప్టెంబరు ఆఖరి గురువారం. సంతకాలు నూట పన్నెండు అయ్యాయి. వెంకటసుబ్రహ్మణ్యం గారు గుడివాడ శ్రోతల సంఘానికి వస్తున్నారనీ, బందరు వాళ్ళ విన్నపం అక్కడే చదవొచ్చనీ కార్డు వచ్చింది.

"మీదొక్కటే తక్కువ," అని కాగితం అతని ముందుకి తోసింది. "పెట్టండి."

"నేను పెట్టలేనండి. ఆ ముగింపు సరిగ్గానే ఉంది."

"సరిగ్గా ఉందా? ఆ పిల్ల అన్నాళ్ళు ఎదురుచూస్తే, చివరికి బూడిద చూపిస్తారా?"

"ఎదురుచూపు ఆపడం కూడా ఒక మేలేనండి."

ఖదీజాకి చిర్రెత్తుకొచ్చింది. "మీకేం తెలుసండీ ఎదురుచూడ్డమంటే? ఎవర్నన్నా పోగొట్టుకుంటే తెలిసేది."

 బాజి చేతిలోని పొట్లం దారాన్ని వేలికి చుట్టాడు, విప్పాడు.

"మాది అవనిగడ్డ కాదండి అసలు. ఇంకా కింద, సముద్రం పక్కన పల్లె. డెబ్భై ఏడు ఉప్పెన రోజు నేను రేడియో పని మీద విజయవాడలో ఉన్నాను. అమ్మ తాడిచెట్టు పట్టుకుని మిగిలింది. మా చెల్లెలు షంషాద్ కనపడలేదు. ఇప్పటిదాకా కనపడలేదు."

ఖదీజా చెయ్యి కాగితం మీదే ఉండిపోయింది.

"అవనిగడ్డ వచ్చాక అమ్మ రోజూ బస్సు టైముకి రోడ్డు మీదకెళ్ళి నిలబడేది. ఎవరో తీసుకెళ్ళి పెంచుకుంటున్నారు, వస్తుంది అనేది. ఏడవలేదు, చెల్లి పేరు మీద ఫాతెహా చదివించనివ్వలేదు. రేడియోలో ఆ మూడు చప్పుళ్ళు విన్నాక, చూశావా, నే చెప్పలేదూ అంది. అందుకే నవల తీసుకెళ్ళి చదివి వినిపించాను. మీ కుట్టు విప్పి, ఆఖరి అధ్యాయం కూడా." దారం మళ్ళీ వేలికి చుట్టాడు. "ఆ రాత్రి అమ్మ ఏడ్చిందండి. ఇరవై నెలల తర్వాత. తెల్లారాక, షంషాద్ పేరున నలుగురికి అన్నం పెడదాం రా అంది. మర్నాటినుంచి బస్సుకి వెళ్ళలేదు."

పొట్లం జేబులో పెట్టుకున్నాడు. "వస్తానండి," అన్నాడు మామూలుగానే.

మరుసటి గురువారం రాలేదు. ఆ పై గురువారమూ రాలేదు.

ఖదీజా కొట్టు గుమ్మం దగ్గరికి బల్ల జరిపించుకుంది, వెలుతురు బాగుంటుందని. అక్కడినుంచి బస్సులు దిగి వచ్చేవాళ్ళు కనపడతారు. పొడుగ్గా, కాస్త వంగి నడిచే ప్రతివాడూ దూరంనుంచి అతనే. దగ్గరికొచ్చేసరికి ఎవరో. రిజిస్టరులో అతని చిరునామా ఉంది. ఎన్నోసార్లు తెరిచి చూసింది. ఇన్లాండు కవరు మీద 'బాజి గారికి' అని రాసేది. తర్వాత ఏం రాయాలో తెలిసేది కాదు. క్షమించమనడానికి అంత దూరపు మనిషి కాడు. రమ్మనడానికి అంత దగ్గరి మనిషీ కాడు.

గుడివాడ సభ ఆదివారం వచ్చింది. తండ్రితో కలిసి పాసింజరు బండెక్కింది. వెనక పెట్టెలో సత్యవేణి, శేషగిరి గారు, మరో పదిమంది. పెడన దాటాక రెండువైపులా వరి పచ్చగా ఊగుతోంది. అందరూ ఆయన్ని ఎలా నిలదీయాలా అని మాట్లాడుకుంటున్నారు. ఖదీజా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

సభలో బాజి లేడు. రెండుసార్లు వెతికింది.

వెంకటసుబ్రహ్మణ్యం గారు బక్కపల్చటి మనిషి. జనం కేకలకి బెదిరినట్టు కుర్చీ అంచున కూర్చున్నారు. "రేడియోలో బ్రతికించి పుస్తకంలో చంపుతారా?" అని ఎవరో అరిచారు.

"నాటకం రాసినప్పుడు నౌక ఏమైందో నాకే తెలీదండీ," అన్నారాయన. "నవల రాసేటప్పుడు తెలిసింది."

"బందరు వారి విన్నపం!" అని పిలిచారు. ఖదీజా లేచి కాగితం విప్పింది. మడిచేసింది.

"ఇందులో నూట పన్నెండు సంతకాలున్నాయి. పోగుచేసింది నేనే," అంది.  "కానీ చదవలేనండి. మాకెవరికీ నచ్చని ఆ పేజీలు విని ఒక తల్లి పోయిన తన బిడ్డకోసం ఏడవగలిగింది. ఆ పేజీలు తీసెయ్యమని నేను అడగలేను. సంతకాలు పెట్టిన వాళ్ళు నన్ను తిట్టండి."

 "మరి నా లెక్క సంగతేంటమ్మా?" అన్నారు శేషగిరి గారు. అందరూ నవ్వారు. రచయిత మాత్రం నవ్వలేదు. లేచి వచ్చి ఖదీజాకి నమస్కారం పెట్టారు. "ఆ తల్లిగారికి నా మాటగా చెప్పమ్మా, ఆవిడ కోసం రాసినట్టే అనుకుంటానని."

తిరుగు బండిలో కాలేషా ఖదీజా ఎదురుగా కూర్చున్నాడు. గుడ్లవల్లేరు దాటాక అన్నాడు, "మన ఇంట్లో రేడియో బాగు చేయించాలే."

"బాగానే మోగుతోందిగా నాన్నా!"

"నీకు బాగానే ఉందేమో. నాకు నెల్లాళ్ళుగా తేడాగా ఉంది. అవనిగడ్డలో మంచి మెకానిక్కు ఉన్నాడంట."

ఖదీజా తల వంచుకుంది. కళ్ళు నిండుతుంటే ముసుగు సర్దుకున్నట్టు నటించింది.

శుక్రవారం నమాజు అయ్యాక ఇద్దరూ బస్సెక్కారు. కాలేషా ఒళ్ళో తువ్వాల్లో చుట్టిన రేడియో. ఖదీజా సంచిలో ఒక కొత్త నవల.

బాజి కొట్టు ఇంటి ముందుగదిలోనే. వీళ్ళని చూసి చేతిలోని తీగలు అతికే సోల్డరింగు కడ్డీ పక్కన పెట్టడం కూడా మర్చిపోయి లేచి నిలబడ్డాడు.

"చూడు బాబూ," అని కాలేషా రేడియో ఇచ్చాడు. బాజి వెనక మూత తీసి అటూ ఇటూ చూశాడు.

"ఇందులో ఏం పోలేదండీ."

"అలాగా? అయితే పోయింది రేడియోలో కాదన్నమాట," అని కాలేషా లోపలికి చూస్తూ, "అమ్మగారున్నారా? మంచినీళ్ళు అడుగుతా," అని వెళ్ళిపోయాడు.

ఇద్దరే మిగిలారు.

"ఎందుకు రావడం మానేశారు?" అడిగింది ఖదీజా.

"మానలేదండి. రెండు గురువారాలు వచ్చాను. మీ ఎదురు మిఠాయికొట్టు చూరు కింద నిలబడి వెళ్ళిపోయాను."

"నేను గుమ్మంలోనే కూర్చున్నాను! ఒక్కడుగు వేస్తే ఏం?"

"మీరు నన్ను జాలిగా చూస్తారేమోనని. అంతకుముందు కోపంగా చూసేవారు. అది బాగుండేదండి."

ఖదీజాకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "ఇప్పుడు బోలెడంత కోపంగా ఉంది. చూడండి."

చూశాడు. ఈసారి చూపు తిప్పుకోలేదు.

"ఆ రోజు నేనన్న మాట..." అని మొదలుపెట్టింది.

"వదిలేయండి."

"వదలను. తెలియక అన్నాను. ఈ నెల రోజుల్లో కాస్త తెలిసింది. ప్రతి బస్సూ చూశాను. నా వల్ల కాదండి అది. అందుకే ఎదురుచూడ్డం మానేసి వచ్చేశాను."

బాజి రేడియో మూత బిగించబోయి మర జారవిడిచాడు. వంగి వెతుకుతూ, తల ఎత్తకుండానే అన్నాడు: "నాకు చిన్న కొట్టు, అమ్మ. అంతేనండి ఉన్నది. రమ్మని అడగడానికి ధైర్యం చాల్లేదు."

"అడక్కుండానే వచ్చిన దాన్ని పట్టుకుని ఏంటండీ ఈ మాటలు!"

లోపలినుంచి బాజి తల్లి హఫీజాబీ వచ్చింది. నెరిసిన జుట్టు, ఎండిన చేతులు, తేటగా ఉన్న కళ్ళు. ఖదీజా గుడివాడలో రచయిత చెప్పమన్న మాట చెప్పింది. ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుని, పిల్లని పక్కన మంచం మీద కూర్చోబెట్టుకుంది.

"సంచిలో ఏందమ్మా, పుస్తకమా? చదువు వింటాను. మావాడు చదివితే ఆడాళ్ళ మాటలు కూడా మగాడిలాగే చదువుతాడు."

ఖదీజా చదివింది. బాజి గుమ్మానికి ఆనుకుని విన్నాడు. కాలేషా కళ్ళు మూసుకుని విన్నాడు. మొదటి అధ్యాయం అయ్యాక హఫీజాబీ ఆమె చేతిమీద చెయ్యి వేసి ఆపింది.

"ఇవాళ్టికి చాలు. తతిమ్మావి నువ్వు ఈ ఇంటికొచ్చాక రోజుకొకటి చదువుదువుగాని." కాలేషా వైపు తిరిగింది. "ఏమంటారు అన్నయ్యగారూ?"

కాలేషా ఏమీ అనకముందే రోడ్డు మీద బస్సు హారను మోగింది.

"బందరు బస్సండీ," అన్నాడు బాజి కంగారుగా. "వెళ్ళిపోతుంది."

"పోనీ బాబూ," అన్నాడు కాలేషా, మంచం మీద ఇంకాస్త స్థిమితంగా సర్దుకుంటూ. "మాట్లాడుకోవాల్సింది చాలా ఉంది."