గీత కొట్టిన పేజీ

ఏడున్నరకల్లా నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో రెండు పెన్నులు గుచ్చుకుని గుమ్మంలో నిలబడ్డాడు. జిగురు తయారుచేసే కంపెనీలో ముప్పై రెండేళ్ళు శాస్త్రవేత్తగా పనిచేసి రిటైరైన మనిషి. ఏడాదిగా, కూతురు పాఠాలు చెప్పే కాలేజీలోనే డిగ్రీ పిల్లల పరిశోధనకి దారి చూపిస్తున్నాడు. జీతమూ లేదు, సెలవూ లేదు. పిల్లలు చాటుగా ఆయన్ని జిగురు తాత అంటారు, పట్టుకుంటే వదలడని.

కూతురు మాత్రం ఆ పూట ఇంకా చెప్పులు వేసుకోలేదు. నిన్న సాయంత్రం, ఆయన దగ్గర జిగురు మీద ప్రాజెక్టు చేస్తున్న పిల్లలు ముగ్గురూ వచ్చి, "మేడమ్, మాకు గైడుగా ఇంకెవరినైనా ఇవ్వండి" అని బతిమాలారు. ప్రిన్సిపాల్ చల్లగా తప్పుకుని, "మీ నాన్నగారికి మీరే చెప్పుకోండమ్మా" అని ఆ బరువూ ఆమె నెత్తినే పెట్టాడు.

"టైమవుతోంది తల్లీ, పద."

"ఇవాళ నువ్వు రావద్దు నాన్నా."

"హమ్మయ్య! ఒక్కరోజైనా ఇంటిపట్టున ఉంటారు" అంటూ వంటింట్లోంచి వచ్చిన అమ్మ, కూతురి మొహం చూసి ఆగిపోయింది.

"పిల్లల్ని దేన్నీ ముట్టుకోనివ్వవట. వాళ్ళ అంకెలు కొట్టేసి, అంతా నువ్వే మళ్ళీ చేస్తున్నావట."

నాన్నకి చర్రుమంది. "చెయ్యక? వాన పడిన రోజల్లా జిగురు ఆరడానికి రెండింతలు పట్టిందని రాస్తారా? శుద్ధ అజాగ్రత్త! నేను కాలేజీ ఆఫీసు ఏసీ గదిలో ఆరబెడితే లెక్క పక్కాగా వచ్చింది. ముప్పై రెండేళ్ళలో నా సరుకు ఒక్కటీ వెనక్కి రాలేదు, తెలుసా?"

"నేనూ నీ సరుకే కదా నాన్నా. నేనొచ్చాను, వెనక్కి."

ఆయన తెల్లబోయాడు.

"నా డిగ్రీ ప్రాజెక్టుకీ ఇదే చేశావు. నా పేజీ మీద గీత కొట్టి, పనంతా నువ్వు చేశావు. పతకం నాకొచ్చింది. పద్దెనిమిదేళ్ళుగా నా చేత్తో ఏం చేసినా తప్పేమో అనిపిస్తుంది. పీహెచ్‌డీకి మూడుసార్లు ఫారం నింపి చింపేశాను. ఇంక ఓపిక లేదు నాన్నా."

"నీ మంచికేగా..." అన్నాడు. ఆమె గొడుగు తీసుకుని ఒంటరిగా వెళ్ళిపోయింది.

సాయంత్రం తడిసి ముద్దై ఇల్లు చేరేసరికి అమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చింది. "మీ నాన్న పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదే. అటక మీది పెట్టెలన్నీ దించారు. నేను కూరలు తరుక్కునే చెక్కలు రెండూ జిగురు పూసి అంటించేశారు!"

నాన్న బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ఎదురుగా ఆమె డిగ్రీ ప్రాజెక్టు పాత నోటుబుక్కు. తప్పు పేజీని చింపకూడదు, అడ్డంగా ఒక గీత కొట్టి సంతకం పెట్టాలి. అది ఆయన కంపెనీ పద్ధతి, ఇంట్లోనూ అదే. తెరిచిన పేజీలో ఆమె తన పంతొమ్మిదో ఏట రాసిన గుండ్రటి అక్షరాలున్నాయి: 'వాన రోజు. ఆరడానికి రెండింతలు పట్టింది.' దాని మీద ఎర్ర గీత, కింద నాన్న సంతకం.

"తడిగాలికి కాస్త ఆలస్యమవుతుందని నాకూ తెలుసు" అన్నాడు తలెత్తకుండా. "రెండింతలా అని నవ్వి కొట్టేశాను. కంపెనీలో మా ఏసీ గదిలో ఎండైనా వానైనా ఒకటే. ఇవాళ మొదటిసారి కిటికీ తెరిచి చేసి చూశాను. నువ్వు రాసిందే నిజం తల్లీ. ఆ పిల్లలు రాసిందీ నిజమే. రేపు వచ్చి తప్పయిందని వాళ్ళకి చెప్పుకుంటాను."

ఎర్ర గీత కింద ఇంకా ఆరని సిరాతో ఉంది: 'ఈ కొట్టివేత తప్పు.' పక్కనే ఇవాళ్టి తారీఖు, వంకరపోయిన సంతకం. ఆమెకి దుఃఖం ఆగలేదు. పద్దెనిమిదేళ్ళ అలసటంతా ఆ బల్ల మీదే ఏడ్చేసింది. అమ్మ వచ్చి ఇద్దరి మధ్యా కుర్చీ లాక్కుని కూర్చుంది.

కాసేపటికి నాన్న పేజీ తిప్పి పెన్ను ఇచ్చాడు. తర్వాతి పేజీ ఖాళీగా ఉంది. ఆమె ముక్కు తుడుచుకుని తారీఖు వేసింది. అంకె వంకరగా పడింది. సరిచేయబోయి ముందుకొచ్చిన తన చేతిని ఆయన గబుక్కున వెనక్కి తీసుకుని, రెండో చేత్తో గట్టిగా పట్టుకున్నాడు.

"ఎంతసేపట్లో ఆరింది నాన్నా?"

"నేను చెప్పను" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "నువ్వే చేసి చూడు."