బూడిద రంగు గొంతు

"టైమ్ మూడు యాభై ఎనిమిది. నాలుగింటికి రైల్వే కంట్రోల్ రూమ్ పేలుతుంది. లోపల నూట పన్నెండు మంది. ఖాళీ చేయించే టైమ్ లేదు. బాంబుకి రెండు స్విచ్‌లు. ఏది నొక్కాలో తేల్చు, పెయింటర్," అన్నాడు చీఫ్.

పెయింటర్ కుంచె పట్టి ఎరగడు. ఏ గొంతు విన్నా అతని కళ్ల ముందు ఒక రంగు కదులుతుంది, అంతే. అబద్ధం చెప్పేవాళ్ల గొంతు బూడిద రంగుకు తిరుగుతుంది. పదిహేనేళ్లలో ఎనిమిది మంది దొంగల్ని అలాగే పట్టించాడు. తొమ్మిదో మనిషి అతని భార్య.

ఆమె చీఫ్ పంపితే విదేశీ ముఠాలో పాటగత్తె వేషంలో చేరిన డబుల్ ఏజెంట్. పెళ్లినాటి నుంచీ లేతాకుపచ్చగా ఉన్న గొంతు మూడు నెలల క్రితం బూడిదైంది. ముఠాకి అమ్ముడుపోయిందనుకున్నాడు. రోజూ నోరు మూసుకుని కుమిలిపోయి, చివరికి గుండె రాయి చేసుకుని పోయిన వారమే రిపోర్ట్ రాశాడు.

ఇప్పుడామె బల్లకి అవతల సంకెళ్లతో కూర్చుని ఉంది.

"కుడి స్విచ్. ఎడమది నొక్కితే అక్కడికక్కడే పేలుతుంది."

బూడిద.

"అబద్ధం, సార్. ఎడమది."

చీఫ్ ఫోన్ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"ఏవండీ," అందామె. "ఇవాళ మంగళవారం. ఇదీ అబద్ధమేనా?"

గోడ మీది క్యాలెండర్ మంగళవారమే చూపిస్తోంది. గొంతు మాత్రం బూడిదే. పెయింటర్ చీఫ్ చెయ్యి పట్టుకున్నాడు.

"కుడి! సార్, కుడిది నొక్కమనండి!"

ఫోన్‌లో ఎవరో లెక్కపెడుతున్నారు. "మూడు... రెండు..." తర్వాత పెద్ద నిట్టూర్పు. "ఆగింది సార్."

సాయంత్రం ఆస్పత్రిలో డాక్టరమ్మ వాళ్లిద్దరి స్కాన్ ఫిల్ములు వెలుతురుకెత్తి చూపించింది.

"మీ మెదడులో చెవికి, రంగులకి మధ్య అడ్డదారి ఉంది. గొంతు వణికితే మీకు బూడిద కనిపిస్తుంది. భయంతో వణికినా అంతే, జబ్బుతో వణికినా అంతే. ఈవిడ మెదడులో గొంతుని నడిపే కణాలు చచ్చిపోతున్నాయి. అందరికంటే ముందు పసిగట్టింది మీరే. మూడు నెలల క్రితమే తీసుకొచ్చి ఉంటే..."

"మాట ఎన్నాళ్లుంటుంది?"

"ఏడాది ఉంటే గొప్పే."

పెయింటర్ ఆమె చేతుల్లో మొహం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

"అనుమానం వస్తే నన్ను అడగొద్దూ? పెళ్లాన్నే కదా," అందామె. అతని తల నిమిరి, "ఇంతకీ నా గొంతు ఇప్పుడు ఏ రంగులో ఉందండీ?"

"లేతాకుపచ్చ. ఎప్పట్లాగే."

ఆ మాట అంటున్న తన గొంతు బూడిద రంగులో కనిపించింది పెయింటర్‌కి. తొమ్మిదో దొంగ ఇన్నాళ్లకి దొరికాడు. ఈసారి మాత్రం రిపోర్ట్ రాయలేదు.