ఆ పాయింటు ఇద్దరిది

పొదిలి వాలీబాల్ టోర్నమెంటు ఫైనల్లో రంజాన్ కొట్టిన స్మాష్ నెట్ దాటి, సరాసరి అద్దంకి కెప్టెన్ మాబు ముక్కు మీద పడింది.

జనం ఈలలు వేస్తుంటే, మాబు చెల్లెలు షాజాదీ ఆడవాళ్ల బెంచీల్లోంచి లేచి కోర్టులోకే వచ్చేసింది. అన్న ముక్కుకి చేతిరుమాలు అదిమిపెట్టి, రంజాన్ వైపు తిరిగింది.

"మీకు కళ్లు లేవా?"

"బంతి మనిషిని చూసి పోదండి."

"పోయినేడు అద్దంకి తరఫున ఆడి మా అమ్మ వండిన పులావు తిన్నారు. ఈ ఏడు పొదిలి. వచ్చే ఏడు ఎవరింట్లో భోజనం?"

"ఎవరు బాగా వండితే వాళ్లింట్లో."

మాబు పకపకా నవ్వి, వెంటనే ముక్కు పట్టుకున్నాడు. "నవ్వించకురా, నొప్పి చంపుతోంది."

ఆ రోజుల్లో రంజాన్‌కి వాలీబాలే బతుకుతెరువు. మిరపకాయలు కళ్లాల్లోంచి కదిలాక, ఎండాకాలమంతా ఏ ఊరు పిలిస్తే ఆ ఊరికి ఆడేవాడు. అలాంటివాడు మర్నాడే మాబుని పలకరించడానికి అద్దంకి వచ్చాడు. ఆ తర్వాత మళ్లీ వచ్చాడు. ముక్కు మానింది గాని, రాకపోకలు మానలేదు.

గుంటూర్లో టీచర్ ట్రైనింగు చదువుతూ వేసవి సెలవులకి ఇంటికొచ్చిన షాజాదీ ఒకరోజు అతన్ని గుమ్మంలోనే ఆపేసింది.

"అన్నయ్య ముక్కు ఎప్పుడో తగ్గింది. ఇంకా ఏం చూద్దామని?"

"మీ ముక్కు మీద కోపం తగ్గిందేమోనని."

ఆమె గబగబా లోపలికి వెళ్లిపోయింది. నవ్వు అతనికి కనబడటం ఇష్టం లేక.

ఆ నెలాఖరునే రంజాన్ తిన్నగా ఆమె తండ్రి అలీ సాహెబ్‌ని పిల్లనిమ్మని అడిగేశాడు. పత్తి వ్యాపారి అయిన ఆయన కోప్పడలేదు.

"మంచోడివే అబ్బాయ్. కానీ రేపు భుజం పట్టేస్తే నిన్ను ఏ ఊరు పిలుస్తుంది?"

రంజాన్ తలూపి లేచాడు. దొడ్డివైపు నుంచి వెళ్లబోతుంటే షాజాదీ ఎదురొచ్చింది.

"నల్లపాడు స్టేషన్ పక్క గ్రౌండ్లో రైల్వే టీముకి సెలక్షన్లంట. అన్నయ్య వెళ్తున్నాడు. మీరూ వెళ్లండి. తీసుకుంటే ఉద్యోగం."

"వెళ్తే తీసుకుంటారు."

"అంత ధీమానా?"

"ఆట మీద ఉందండి. మీ నాన్నగారి మీదే లేదు."

సెలక్షన్ల నాడు మబ్బు పట్టింది. అలీ సాహెబ్, షాజాదీ రేకుల షెడ్డు కింద కూర్చున్నారు. రంజాన్, మాబు ఒకే వైపు ఆడుతున్నారు. రంజాన్ ఎగిరినప్పుడల్లా అవతల ముగ్గురు ఎగిరి బంతి ఆపేస్తున్నారు. "ఈ అబ్బాయి ఒక్కడే ఆడతాడా?" అన్నాడు సెలక్టరు గురునాథం.

బంతి మళ్లీ రంజాన్ వైపే లేచింది. అతను చెయ్యెత్తి ఎగిరాడు. ముగ్గురూ అతనితోపాటే ఎగిరారు. గాల్లో ఉండగానే రంజాన్ బంతిని మునివేళ్లతో మాబు వైపు నెట్టాడు. ఖాళీ కోర్టులోకి మాబు కొట్టిన దెబ్బకి గురునాథం కుర్చీలోంచి లేచాడు.

సాయంత్రానికి ఇద్దర్నీ తీసుకున్నట్టు చెప్పారు.

అలీ సాహెబ్ రంజాన్‌ని దగ్గరికి పిలిచాడు. "ఆ బంతి నువ్వే కొట్టొచ్చుగా? నీ ఉద్యోగం దాని మీదుంది."

"మాబు ఖాళీగా ఉన్నాడండి. పాయింటు ఇద్దరిదీ కదా."

ఆయన అతని భుజం తట్టాడు. తర్వాత కూతురి వైపు తిరిగాడు. "ఏమ్మా?"

"ట్రైనింగు పూర్తి చేస్తాను నాన్నా. పిల్లలకి పాఠాలూ చెబుతాను. దానికి ఒప్పుకుంటే నాకు ఇష్టమే."

"మీ బడిలో నెట్ నేనే కడతాను," అన్నాడు రంజాన్.

చినుకులు మొదలయ్యాయి. జట్కా చూస్తానంటూ అలీ సాహెబ్ లేచి, కదలని మాబుని రెక్క పట్టుకుని లాక్కుపోయాడు. వాన జోరందుకుంది. రంజాన్ మర్యాదగా షెడ్డు అంచునే నిలబడ్డాడు. సగం భుజం తడుస్తోంది.

"తడుస్తున్నారు. ఇటు జరగండి," అంది షాజాదీ.

అతను ఓ అడుగు జరిగాడు.

వాన వైపే చూస్తూ ఆమె అంది, "ఇంకొంచెం."