పక్కకు జరిపిన కుట్టు

ఆ రోజు నగరిలో కొళాయి నీళ్ళు తెల్లవారకముందే వచ్చాయి. బట్టలు ఉతుకుతున్న నందిత, భర్త లుంగీ వెనుక రక్తం, చీము కలిసిన మరక చూసి ఆగిపోయింది. పోయిందనుకున్న జబ్బు పోలేదు.

మురుగేష్ నగరి నుంచి తిరుపతికి జీపు తోలుతాడు. గంటల తరబడి సీట్లో కూర్చోవడంతో వెన్ను చివర, పిరుదుల నడుమ వెంట్రుకలు చర్మంలోకి దిగి గడ్డ కట్టింది. పోయినేడు ఆపరేషన్ చేసి, గాయాన్ని నడిమధ్యే నిలువుగా కుట్టారు. నెల తిరక్కముందే అది విడిపోయింది. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పుకోలేదు.

నందిత పట్టుబట్టి మర్నాడే అతనితో తిరుపతి ఆసుపత్రికి వెళ్ళింది. డాక్టర్ రాజారత్నం కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు.

"మళ్ళీ నడిమధ్యే కుట్టొచ్చు. చిన్న పనే, కానీ కూర్చున్నా లేచినా లాగుతుంది, విడిపోయే భయం ఎక్కువ. కుట్టకుండా వదిలేస్తే అడుగు నుంచి కండ పెరిగి నిదానంగా మానుతుంది, నెలలు పడుతుంది. ఇంకో దారి, పక్కనున్న చర్మాన్ని కొవ్వుతో సహా తిప్పి తెచ్చి కప్పి, కుట్టును పక్కకు జరపడం. మీకు అదే మేలు. కొన్నాళ్ళు ఇంట్లో ఎవరైనా శుభ్రం చేసి కట్టు మార్చాలి. ఎవరున్నారు?"

"ఎవురూ లేరు సార్. నడిమధ్యే కుట్టేయండి" అన్నాడు మురుగేష్.

పక్కనే కూర్చున్న నందిత బిత్తరపోయింది. ఇంటికి చేరాక అత్త ప్రసూనాంబ మజ్జిగ అందిస్తూ, "డాక్టరేమన్నాడు నాయనా?" అని కొడుకును అడిగింది.

"నీ కొడుక్కి ఎవురూ లేరంట అత్తా" అంది నందిత. "నేను పక్కనే కూర్చోనుంటే ఆ మాట చెప్పినాడు."

"ఆ తావున గాయం నీకెట్ట చూపించేది?" మురుగేష్ గొంతు పెరిగింది. "చీము, వాసన! నీ చేత కడిగించుకునేదానికి నాకు సిగ్గుండదా?"

"ధరణి పుట్టినప్పుడు నా కడుపు కుట్లు చీము పట్టలేదా? పది దినాలు కడిగి కట్టు కట్టింది నువ్వే కదా?"

"అది వేరే."

"ఏం వేరే? నేను సిగ్గుపడితే, 'నీ వొళ్ళు నాకు కొత్తా' అన్నావు." ఆమె అతని ఎదురుగా వచ్చి నిలబడింది. "నీ వొళ్ళు మాత్రం నాకు పరాయిదా?"

మురుగేష్ గ్లాసు కింద పెట్టి, మొహం చేతుల్లో దాచుకున్నాడు. ప్రసూనాంబ మెల్లగా మనవరాలు ధరణిని తీసుకుని బయటికి నడిచింది.

"తప్పయింది నందితా" అన్నాడు మొహం ఎత్తి. "డాక్టరు చెప్పినట్టే చేయించుకుంటా."

ఆపరేషన్ బాగా జరిగింది. ఇంటికొచ్చాక కుట్టు ఒక మూల కాస్త నీరు కారింది. నందిత చేతులు సబ్బుతో కడుక్కుని, డాక్టర్ చూపించినట్టే దూది, గుడ్డ మార్చేది. మొదట్లో మురుగేష్ దిండులో మొహం దాచుకునేవాడు. నాలుగోనాడు అడిగాడు.

"ఎట్టుండాది?"

"శుభ్రంగా ఉండాది. అతుక్కుంటా వస్తా ఉండాది."

అతను చెయ్యి వెనక్కి చాపి ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

రెండు రోజుల తర్వాత పక్కింటి సంతోషమ్మ వసారాలో కూర్చుని అత్తాకోడళ్ళతో మాట్లాడుతోంది. లోపలి నుంచి వీధి దాకా వినబడేంత గట్టిగా కేక వచ్చింది.

"నందితా! కట్టు మార్చే టయిమయింది. రా!"

నందిత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నవ్వుతూ లేచింది.

"వస్తా ఉండా."