దగ్గు రాని మిర్చి

“ఆమె బతికి బయటికి రావాలి. నీ మిషన్ అంతే,” అంది ఫోన్‌లో చీఫ్ శారద.

ఎనుమాముల మిర్చి మార్కెట్ ఎదుట టీ తాగుతున్న ఏజెంట్ రమాకాంత్ ఆవులింత ఆపుకోలేదు. మిర్చి ఘాటుకు రెండుసార్లు దగ్గాడు.

“మరి వెంకట్రాజం?”

“మాజీ మంత్రి. అతని జోలికి పోవద్దు.”

“పోయినసారీ ఇదే అన్నారు మేడం.”

“వచ్చేసారీ అంటాను. విను.”

వెంకట్రాజం తన కోల్డ్ స్టోరేజ్‌లోని మిర్చి బస్తాలను తాకట్టు పెట్టి బ్యాంకులో కోట్లు తీసుకున్నాడు. దుబాయ్ ముఠా ఒకటి ఆ డబ్బును దేశం దాటించింది. ఇప్పుడు లోన్ మాఫీ చేయమని పైనుంచి ఫోన్లు. అందరూ సంతకాలు పెట్టేశారు. బ్యాంకు ఆఫీసర్ సుభాషిణి ఒక్కతే, సరుకు చూడందే పెట్టనంది. ఈ మధ్యాహ్నమే చూడబోతోంది. ఆమె తిరిగి రాకుండా చేసే బాధ్యత ముఠా తీసుకుంది.

గంట తర్వాత రమాకాంత్ గుంటూరు వ్యాపారి వేషంలో కోల్డ్ స్టోరేజ్ గేటు దగ్గర దిగాడు. చేతిలో బస్తాలోకి గుచ్చి సరుకు తీసే ఇనుప గొట్టం. దాని పిడిలో కెమెరా.

నల్ల కళ్లద్దాలతో, ఖరీదైన సెంటు వాసనతో అఫ్సానా ఎదురొచ్చింది.

“గుంటూరుల వానలెట్లున్నయ్ సేట్?”

“గొడుగు మరిచిపోయి వచ్చాను.”

కోడ్ సరిపోయింది. అఫ్సానా పైకి ముఠాకు ఎక్స్‌పోర్ట్ మేనేజర్, లోలోపల రమాకాంత్ పనిచేసే డిపార్ట్‌మెంట్‌కు ఇన్‌ఫార్మర్. రెండు జీతాల్లో ముఠాదే టైముకు వస్తుంది.

“లోపట్నే ఏదో చేస్తరు. ఏందో నాకూ చెప్పలే. జర పైలం,” అని గొణిగింది.

అప్పటికే సుభాషిణి వచ్చేసింది. వెంకట్రాజం చేతులు జోడించాడు.

“దా బిడ్డా. జర చూసి సంతకం గీకి పో. నా సరుకు బంగారం.”

“బంగారమైతే నాకెందుకు సార్, మిర్చి చూపించుండ్రి.”

“గుంటూరు సేటూ, నువ్వు గూడ దా. సాక్ష్యముంటవ్.”

ఒక్కరు చస్తే అనుమానం, ఇద్దరు చస్తే యాక్సిడెంట్. రమాకాంత్‌కు ఆ లెక్క అర్థమైంది. అయినా లోపలికి నడిచాడు.

చల్లటి గదిలో కప్పు దాకా బస్తాలు. హమాలీలు వాటిని మోస్తున్నారు. దుమ్ము లేస్తోంది. ఒక్కడూ దగ్గడం లేదు. వెంకట్రాజం సైగ చేయగానే వాళ్లు బయటికి వెళ్లిపోయారు. రమాకాంత్ ఒక బస్తాలోకి గొట్టం గుచ్చి లాగాడు. ఊక రాలింది. ఇంకోదాంట్లోనూ అదే.

“ఊకకు మా బ్యాంకు అన్ని కోట్లిచ్చిందా?” సుభాషిణి వెనక్కి తిరిగింది. “ఏంది సార్ ఇది?”

వెంకట్రాజం లేడు. తలుపు దభాలున మూసుకుంది. పైన పైపు సర్రుమంది.

ఇప్పుడు దగ్గు వచ్చింది.

“అమోనియా!” గదిని చల్లబరిచే గ్యాస్. మనుషుల్నీ చల్లబరుస్తుంది. రమాకాంత్ ఆమె సీసాలో నీళ్లు తువ్వాలు మీద గుమ్మరించి ఆమె ముఖానికి చుట్టాడు. “తలుపు దగ్గర కూర్చోండి. లేవొద్దు.”

బస్తాలు ఎక్కాడు. కళ్లు మండిపోతున్నాయి. వాల్వ్ దొరికింది. దాన్ని తిప్పే చక్రం మాత్రం ఎవరో ముందే ఊడదీశారు. ఇనుప గొట్టాన్ని వాల్వ్ కడ్డీకి తొడిగి, ఊపిరి బిగబట్టి తిప్పాడు. కదల్లేదు. బరువంతా వేశాడు. కిందనుంచి సుభాషిణి దగ్గు వినిపించడం మానేసింది. ఇంకోసారి వేలాడాడు.

సర్రుమనే చప్పుడు ఆగింది. తలుపు తెరుచుకుంది. గుమ్మంలో అఫ్సానా.

ఇద్దరూ కలిసి సుభాషిణిని బయటికి లాగారు. గాలి తగలగానే ఆమె మళ్లీ దగ్గింది. రమాకాంత్ పక్కనే చతికిలబడ్డాడు.

“ఇంతసేపా?”

“ఫికర్ చెయ్యకు, సచ్చిపోలేదు గద! వాళ్లిచ్చే జీతం నా ఖాతాల పడేదాకా ఆగిన.”

సుభాషిణి రిపోర్టుతో, గొట్టం కెమెరాకు చిక్కిన ఊక ఫోటోలతో మాఫీ ఆగింది. వెంకట్రాజానికి వెంటనే ఛాతీ నొప్పి వచ్చింది. కేసు కోల్డ్ స్టోరేజ్ మెషిన్ ఆపరేటర్ మీద పెట్టారు. పరాయి ఆస్తిలో వాల్వ్ తిప్పినందుకు రమాకాంత్‌కు మెమో ఇచ్చారు.

అతను కాజీపేటలో రైలెక్కబోతుంటే సుభాషిణి ఫోన్ చేసింది. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.

“సార్, ఆయన దవాఖాన నుంచి ఇంటికొచ్చిండు. గ్యాస్ పైపులు పాడైనయట, మార్చెటందుకు కొత్త లోన్ అడుగుతాండు.”

“ఇన్‌స్పెక్షన్‌కు ఎవరు?”

“నన్నే పొమ్మంటాండ్లు.”

రమాకాంత్ రైలు మెట్టు మీంచి కాలు కిందకు దించాడు.

“మాస్కులు రెండు కొనండి మేడం. బిల్లు దాచి లాభం లేదు, మా డిపార్ట్‌మెంట్ డబ్బులివ్వదు.”